తమ్ముడూ, సూది పట్టే ముందు

పద్నాలుగేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో టాటూ షాపు నడుపుతున్నాను. కింద మిర్చిబజ్జీల బండి, పైన కోచింగ్ సెంటరు, మధ్య అంతస్తులో నేను. ఇన్నేళ్లలో నా దగ్గర పని నేర్చుకుందామని వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ ఇవాళ నాకంటే బాగా సంపాదిస్తున్నారు. నా శిక్షణ ఎలాంటిదో దీన్నిబట్టే తెలుసుకో. ‘నువ్వు చెప్పినయన్నీ తిరగేసి చేసినమన్నా, బాగుపడ్డం’ అంటుంటారు. కుర్రాళ్లు, పరాచికాలాడతారు. నువ్వు పదోవాడివి. రేపట్నుంచి వస్తానన్నావు కాబట్టి ఈ రాత్రి కూర్చుని నాకు తెలిసిందంతా రాస్తున్నాను.

ముందు ప్రాక్టీసు సంగతి. ఎవరిని అడిగినా సొరకాయ మీద గీయి, నారింజ తొక్క మీద గీయి, రబ్బరు చర్మం కొనుక్కుని ఆరునెలలు దాని మీద గీయి అంటారు. వినకు. సొరకాయ ఊపిరి తీసుకోదు. చక్కిలిగింతలు పెడితే ఎగిరిపడదు. పని మధ్యలో లేచి భార్యకు ఫోన్ చేయదు. దాని మీద ఎంత గీసినా మనిషి చర్మం అలవాటు కాదు. నేనైతే మొదటి రోజే మా బావమరిది ముంజేతి మీద సింహం మొదలుపెట్టాను. జూలు బాగా వచ్చింది. మొహం మాత్రం కొంచెం మా పెద్ద మేనమామ పోలిక వచ్చింది. అప్పట్నుంచి బావమరిది రోహిణి కార్తెలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కాలే వేస్తున్నాడు. మనిషికి ఎంత పద్ధతి వచ్చిందో చూడు.

స్టెన్సిల్ అంటించేటప్పుడు కస్టమరును నిలబెట్టాలట, చేతులు మామూలుగా వేలాడేయమనాలట, అద్దంలో చూపించి ఒప్పించాలట, ఆ తర్వాత పావుగంట ఆరనివ్వాలట. చాదస్తం. కుర్చీలో కూలేసి, చేయి వెల్లకిలా తిప్పి బల్ల మీద పరిచి, తడి తడిగా అంటించెయ్. ముంజేయి మెలి తిరిగితే చర్మం కూడా మెలి తిరుగుతుందని, చేయి మళ్లీ మామూలుగా పెట్టగానే గుండ్రటి చక్రం కాస్తా కోడిగుడ్డు అవుతుందని భయపెడతారు. అయితే ఏమైంది? ఒక కస్టమరుకు సుదర్శన చక్రం ఇలాగే వేశాను. ‘గుడ్డులా ఉందన్నా’ అన్నాడు. ‘తిరుగుతున్న చక్రం తమ్మీ, స్పీడు’ అన్నాను. ఏ కోణంలో గుండ్రంగా కనపడుతుందో చేయి పట్టి తిప్పి చూపించాను కూడా. ఇప్పుడు పెళ్లిళ్లలో గ్రూప్ ఫొటోలు దిగినప్పుడల్లా అతను చేయి ఆ కోణంలోనే పెడుతున్నాడు. హోటల్లో బిల్లు అడుగుతున్నట్టు ఉంటుంది.

లోతు గురించి ఒక్క మాట. పై చర్మాన్ని దాటి దాని కింది పొరలోకి రంగు దిగాలి. మహా అయితే ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల వ్యవహారం. పైపైన పెడితే పొట్టుతోపాటు రాలిపోతుంది. మరీ దిగితే కిందున్న కొవ్వులోకి పాకి గీత చుట్టూ నీలిమసక కమ్ముతుంది. ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేయక తప్పదనుకో, లోతు తప్పే చెయ్. రాలిపోతే డబ్బులు వాపసు అడుగుతారు. మసకను మాత్రం షాడో అనొచ్చు. షాడోకు విడిగా రేటు ఉంటుంది. పైగా రంగు నిలపడం మన పని కానే కాదు. ఫ్రాన్స్‌లో 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది: చర్మంలోని భక్షక కణాలు ఆ రంగును మింగి కూర్చుంటాయి, అవి చచ్చి రంగును కక్కేస్తే కొత్తగా వచ్చిన కణాలు మళ్లీ దాన్నే మింగుతాయి. అంటే కస్టమరు ఒంట్లోనే తరతరాలుగా కాపలా డ్యూటీ నడుస్తుంటుంది. మన గీత వంకరగా ఉంటే ఆ వంకరను కూడా అంతే నమ్మకంగా కాపాడతాయి పాపం.

మెషినును గన్ అనకూడదని నీకు ఎవరో ఒకరు క్లాసు పీకుతారు. కస్టమర్లంతా గన్ అనే అంటారు, నువ్వూ అను. దాని చరిత్ర మాత్రం తెలుసుకోవాలి. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన కరెంటు టాటూ మెషినుకు పేటెంటు తీసుకున్నాడు. దానికి మూలం ఎడిసన్ తయారుచేసిన విద్యుత్ కలం. ఆఫీసు కాగితాలకు నకళ్లు తీయడానికి పుట్టిన కలం అది. కాగితానికి సన్న చిల్లులు పొడిచి స్టెన్సిల్ చేస్తుంది, ఆ చిల్లుల్లోంచి సిరా దించి ఎన్ని కాపీలైనా లాగొచ్చు. అంటే మన మెషిన్ పూర్వజన్మలో జిరాక్సు మెషిన్. నకలు కొట్టడం మన కులధర్మం. సొంతంగా బొమ్మ గీస్తూ కూర్చుంటే పూట గడవదు. కస్టమరు ఫోన్లో చూపించిన ఫొటోను యథాతథంగా దించెయ్. ఆ డిజైన్ ఎవరిదో, ఎవరు నెల రోజులు కూర్చుని గీశారో మనకెందుకు? మైక్ టైసన్ మొహం మీద టాటూ వేసిన విట్‌మిల్, 2011లో ‘హ్యాంగోవర్ 2’ సినిమాలో అదే డిజైన్ ఇంకో నటుడి మొహం మీద కనపడగానే వార్నర్ బ్రదర్స్ మీద కేసు వేశాడు. చివరికి రాజీపడ్డారు. ఈ కథ మర్చిపో. గుర్తుపెట్టుకోవాల్సింది రెండో కథ: మైల్స్ డేవిస్ ఫొటో చూసి టాటూ వేసినందుకు ఫొటో తీసినాయన క్యాట్ వాన్ డీ మీద కేసు వేస్తే, 2024 జనవరిలో జ్యూరీ ఆమె పక్షమే తీర్పు చెప్పింది. ఫొటో, టాటూ అంత ఒకేలా లేవన్నారు. మనం వేసినవి ఏనాడూ ఒకేలా రావు కాబట్టి మనల్ని ఏ కోర్టూ ఏమీ చేయలేదు.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. ఇది నా ప్రత్యేకత కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కస్టమరు వాట్సాప్‌లో పంపిన పేరును కాపీ చేసి పాత ఫొటోషాప్‌లో పడేయ్. అందులో భారతీయ భాషల సెట్టింగ్ ఒకటుంటుంది. అది మార్చకపోతే ఒత్తులు ఊడిపోతాయి, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. మార్చకు, టైము దండగ. నా చేతి మీదుగా ఇప్పటికి నలుగురు అమ్‌మలు, ఒక నాన్‌న వెళ్లారు. అందులో నలుగురు ఇంతవరకు గమనించలేదు, ఇంగ్లీషు మీడియం పిల్లలు. గమనించిన ఒక్కడూ గొడవకు వస్తే, అమ్మ దూరంగా ఊళ్లో ఉంది కదా, ఆ ఎడబాటును అలా చూపించానన్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో నేను అడగలేదు.

అక్షరాలు ఎంత చిన్నగా వేస్తే అంత అందం. మన లిపి అంతా గుండ్రాలు, సున్నలు, పొట్టలు. చర్మంలో గీత ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కుతుంది, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకే తెలుగు వేస్తే కనీసం వేలిగోరంత ఎత్తుండాలని, పొట్టల్లో గాలి ఆడాలని తెలిసినవాళ్లు అంటారు. వాళ్లకు భవిష్యత్తు మీద బెంగెక్కువ. పదేళ్లకు ‘ఠ’ నల్లచుక్క అయితే దిష్టిచుక్కలా ఉంటుంది. ‘ధ’, ‘థ’ల తేడా అసలు పట్టించుకోకు. ఒకసారి ఒక మేడమ్ మణికట్టు మీద ‘కథ’ అని వేయమన్నారు. నేను ‘కధ’ వేశాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. ‘సగం మంది ఇట్లనే రాస్తరు మేడమ్’ అన్నాను. ‘ఆ సగం మందిని ముప్పై ఏళ్లుగా నేనే దిద్దుతున్నా నాయనా’ అన్నారు. తెలుగు లెక్చరరట. పొట్టలో చుక్క పెట్టి పంపాను. చుక్కకు డబ్బులు తీసుకోలేదు. వ్యాపారంలో ఆమాత్రం ఔదార్యం ఉండాలి.

ఫిబ్రవరి 14 దగ్గరపడుతుంటే జంటలు వస్తాయి. ‘ఎన్నాళ్లుగా తెలుసు?’, ‘ఇంకో నెల ఆగి వస్తారా?’ లాంటి అశుభం మాటలు మాట్లాడకు. పేరు ఎంత పెద్దగా, ఎంత నల్లగా వేయగలిగితే అంత వెయ్. దీనిలో వ్యవసాయ సూత్రం ఉంది. పాత టాటూ మీద కవరప్ వేయాలంటే కొత్తది పాతదానికి రెండుమూడు రెట్లు ఉండాలి, ముదురు రంగులే పట్టాలి, నలుపు మీద పసుపు ఎంత రుద్దినా తేలదు. కాబట్టి మాఘంలో మూడంగుళాల పేరు నాటితే శ్రావణానికల్లా తొమ్మిదంగుళాల నల్ల గులాబీ చేతికొస్తుంది. మనం చదరపు అంగుళం లెక్కన కదా డబ్బులు తీసుకునేది.

ఆర్మీ సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లు జబ్బ మీద త్రివర్ణ పతాకం వేయమని వస్తారు. రూలేమిటంటే శాశ్వతమైన టాటూ మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనకవైపు ఉంటేనే ఒప్పుకుంటారు. గిరిజనులకు ఆచారంగా ఉండే పచ్చబొట్లకు మినహాయింపు ఉంది. జబ్బ మీద జెండా ఉంటే దేశభక్తి ఎంతున్నా ఇంటికే. ఈ సంగతి ముందే చెప్పాలా? బేరం పోదూ. నేను చెప్పకుండా వేసిన ఒక కుర్రాడు ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. లేజరుతో తీయించుకోవడానికి ఎంతవుతుందో కనుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. కింద బజ్జీల బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, కిటికీలోంచి కనపడ్డాడు. అతనికి బజ్జీలంటే ఇష్టమనుకుంటా.

సూది విషయంలో మాత్రం నేను నీకు తప్పు సలహా ఇవ్వను, ఇచ్చినట్టు అనిపిస్తే ఈ కాగితాలు చించెయ్. ప్రతి మనిషికీ కొత్త కార్ట్రిడ్జ్. ప్యాకెట్ కస్టమరు కళ్లముందే చించాలి. రంగు చిన్న మూతల్లోకి ఒంపుకుని, మిగిలింది పారబోయాలి. సీసాలోకి తిరిగి పోయకూడదు. గ్లౌజు చేత్తో ఫోన్ ముట్టుకుంటే గ్లౌజు మార్చాలి. జాతరల్లో బ్యాటరీ మెషిన్ పెట్టుకుని ఒకే సూదితో ఊరందరికీ పొడిచేవాళ్లను నేను చూశాను, నువ్వూ చూసుంటావు. హెపటైటిస్‌లు, హెచ్ఐవీ ఆ దారినే ప్రయాణం చేయగలవు. టాటూ వేయించుకున్నవాళ్లు ఏడాది దాకా రక్తదానం చేయకూడదని మన బ్లడ్ బ్యాంకుల్లో నియమం ఊరికే పెట్టలేదు. సరే, మళ్లీ నా దారికి వస్తాను.

ఇంట్లోవాళ్లకు ఏం పని చేస్తున్నావో చెప్పకు. పెళ్లిచూపుల్లో నేను గ్రాఫిక్ డిజైనరునని చెప్పాను. మామగారు ఇప్పటికీ వాళ్ల చుట్టాల పెళ్లి శుభలేఖలన్నీ నాకే పంపుతారు. చేసిపెడుతున్నాను. ఒత్తులు ఊడకుండా.

అసలైన విషయం ఇప్పుడొస్తుంది. రోజంతా ఇంకొకరి బొమ్మ ఇంకొకరి ఒంటి మీద దించుతుంటే చేతికి తిమ్మిరెక్కుతుంది. మనదంటూ ఏదో ఒకటి ఉండాలి అనిపిస్తుంది. ఈ జబ్బు నీకు మూడో ఏడాదిలో పట్టుకుంటుంది. అప్పుడు ఏం చేయాలో జాగ్రత్తగా విను, ఎందుకంటే పెద్దపెద్దవాళ్లే ఇక్కడ వరస తప్పారు. అమెరికాలో డాన్ ఎడ్ హార్డీ ఉన్నాడు. యేల్ యూనివర్సిటీలో పై చదువుకు సీటొస్తే కాదనుకుని సూది పట్టాడు. 2000 సంవత్సరం చైనా లెక్కలో డ్రాగన్ ఏడాది అని, 500 అడుగుల పొడవున చుట్ట పరుచుకుని దాని మీద 2000 డ్రాగన్లు వేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదు. ఊరికే కుంచె ముంచి మొదటి డ్రాగన్ వేసేశాడు, తర్వాత రెండోది. ఆయన పేరుతో టీషర్టులు ప్రపంచమంతా అమ్ముడైంది ఆ తర్వాత. పద్ధతి తెలిసినవాడైతే ముందు టీషర్టులు వేస్తాడు. నేను అలాగే చేశాను. సొంత బ్రాండు, లోగో, రెండు వందల టీషర్టులు. మీద వేయడానికి బొమ్మే ఇంకా కుదరలేదు కాబట్టి లోగోనే వేశాను. పెద్ద సైజులు అయిపోయాయి. చిన్నవి షాపులో రంగు తుడవడానికి పనికొస్తున్నాయి, మంచి కాటన్.

తర్వాత తోలుబొమ్మల మీద మనసు పోయింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లాను. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చిందని చదివాక మనమూ తోలు మీదే కదా పనిచేసేది అనిపించింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా చేసి, ఆరబెట్టి, నల్లటి గీత గీసి రంగులు నింపుతారు. ఆపైన నగల దగ్గర చిన్న ఉలితో సన్నటి చిల్లులు కొడతారు, తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలు. నేను నా మెషిన్ తీసి ఒక ముక్క మీద పెట్టాను. ఎండి బిగిసిన తోలు మీద సూది టకటకలాడింది, రంగు పైనే పరుచుకుంది. అక్కడున్న పెద్దాయన ఏమీ అనకుండా కుంచె నా చేతికిచ్చి, ‘ఒక గీత గీయి నాయనా, రావణాసురుడి నడుం’ అన్నాడు. ఆ పనికి మూడు రోజులు ఉండాలి, నాకు సాయంత్రం బస్సుంది. కుంచె పట్టుకుని ఫొటో దిగి వచ్చేశాను. ఆ ఫొటో షాపులో ఫ్రేము కట్టించి పెట్టాను, రేపు వచ్చినప్పుడు చూడు. కుంచె తిరగేసి పట్టుకున్నానని ఒకడన్నాడు. ఫొటోకు ఏ వైపైతేనేం.

నా పెద్ద ప్రాజెక్టు మాత్రం వేరే. పచ్చబొట్ల పుస్తకం. 2012లో పుట్టిన ఆలోచన. మా అమ్మమ్మ ఊరు దేవరకొండ వైపు. పూర్వం ఎరుకల ఆడవాళ్లు బుట్టలమ్ముతూ, సోది చెబుతూ ఊరికొచ్చి పచ్చబొట్లు పొడిచేవాళ్లు. దీపపు మసిని ఆకుపసరులోనో, చంటిబిడ్డ తల్లి చనుబాలలోనో కలిపి, సూదులు కట్టగా కట్టి, నొప్పి తెలియకుండా పాటలు పాడుతూ పొడిచేవాళ్లట. కూలి చేటెడు బియ్యం, బాగా కుదిరితే ఒక పాతచీర. పెట్టింది నల్లటి మసే, కానీ చర్మం లోపల వెలుతురు చెదిరి పైకి నీలిగా, పచ్చగా కనపడుతుంది. అందుకే పచ్చబొట్టు. ఊళ్లో ముసలమ్మల చేతుల మీద తేళ్లు, చుక్కల ముగ్గులు, మొగుళ్ల పేర్లు, నుదుట చుక్క, గడ్డం మీద చుక్క. ఒక్కొక్క చేతిని ఎదురుగా కూర్చుని కాగితం మీద దించి, ఎవరు పొడిచారు, ఎప్పుడు పొడిచారు, ఏ పాట పాడారు అడిగి రాసుకోవాలని. పట్టీ వేస్తే పదిహేడుమంది తేలారు.

ఇలాంటి పని మొదలుపెట్టేవాడు ఎన్నడూ తిన్నగా వెళ్లి గీయడం మొదలుపెట్టకూడదు. ముందు పుస్తకానికి పేరు పెట్టాలి. దానికి ఒక ఏడాది. తర్వాత అట్ట డిజైన్. తర్వాత మంచి కాగితం ఎక్కడ దొరుకుతుందో విచారణ. తర్వాత కెమెరా, ముడతల చర్మం సరిగ్గా పడాలంటే ఫలానా లెన్సే ఉండాలని ఎవరో చెప్పారు, దానికి రెండేళ్లు చీటీ కట్టాను. ముసలివాళ్లు ఎక్కడికి పోతారు? పొద్దస్తమానం అరుగు మీదే ఉంటారు. ఫిలిప్పీన్స్‌లో వాంగ్ ఓడ్ అనే అవ్వ ముల్లుతో మసి పొడిచే పచ్చబొట్లు వేస్తుంది. 2023లో 106 ఏళ్ల వయసులో ఆవిడ బొమ్మ అక్కడి వోగ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. చూశావా, ఈ రంగంలో తొందరపడాల్సిన పనే లేదు. ఆవిడ ఈలోగా తన మనవరాళ్ల వరస పిల్లలకు విద్య నేర్పేసింది, అది వేరే సంగతి.

2016 నాటికి పట్టీలో పదకొండుమంది మిగిలారు. లెన్స్ వచ్చింది. కరోనా అయ్యాక చూస్తే నలుగురు. జాబితా చిన్నదైతే పని తేలికవుతుందని సంతోషించాను. పోయిన దసరాకు లెన్స్ పట్టుకుని వెళ్లి ముగ్గురి చేతులు దించాను. ఒకావిడ తన చేతి మీద ఉన్నది ఏమిటో ఆవిడకే గుర్తులేదంది. ‘పొడిచేటప్పుడు ఏడ్చిన, గంతే యాదికున్నది బిడ్డా’ అంది. నాలుగో ఇంటికి వెళ్లేసరికి ఫొటోకు దండ ఉంది. కాఫీ ఇచ్చారు.

మా అమ్మమ్మ చేయి నాకు పట్టీలో రాసుకోవాల్సిన అవసరమే లేకపోయింది. రోజూ అన్నం కలిపి పెట్టిన చేయి, కళ్లు మూసుకుని గీస్తాను అనుకున్నాను. ఆవిడ 2019లో పోయింది. మొన్న గీద్దామని కూర్చుంటే మణికట్టు పైన ఉన్నది తేలని నాకు గుర్తు. కాదురా, తులసికోట అంటుంది అక్క. తోక పైకి లేచి ఉంటుంది కదక్కా అంటే, అది తోక కాదు, తులసి కొమ్మ అంటుంది. మా అమ్మను అడిగితే, రెండూ ఉండేవేమో, నేనెప్పుడు చూశాను అంది.

ఇల్లంతా వెతికితే అమ్మమ్మది ఒకే ఒక్క మంచి ఫొటో దొరికింది, అక్క పెళ్లిలోది. కుర్చీలో కూర్చుంది, చేతులు ఒళ్లో ఉన్నాయి. కుడిచేతి మీద కొంగు పడి ఉంది. ఫొటోషాప్‌లో ఆ కొంగు తీసేయడానికి కుదురుతుందేమో చూస్తున్నాను. రేపు నువ్వు వచ్చేటప్పుడు కొత్త వెర్షన్ ఉంటే పెన్‌డ్రైవ్‌లో వేసుకురా.